అమరసింహుడు, రోజే, మా గైడు – పర్యాయపదాల చరిత్ర

మా పదో తరగతి ఇంగ్లీషు ప్రశ్నపత్రం పర్యాయపదాలతోనే మొదలవుతుంది. వాక్యంలో ఒక మాట కింద గీత గీసి ఉంటుంది. పక్కన నాలుగు మాటలు ఇస్తారు. అర్థం సరిపోయేది పట్టుకోవాలి. ఒక్కోదానికి ఒక్క మార్కే. ఆ ఒక్క మార్కు కోసం జూన్ నుంచి మార్చి దాకా జాబితాలు బట్టీ పడతాం. నామవాచకాలూ క్రియలూ ఎలాగో గుర్తుంటాయి. ఏడిపించేవి విశేషణాలే. వస్తువైతే కంటికి కనిపిస్తుంది, పనైతే చేసి చూపించవచ్చు. "ఆర్డ్యుయస్", "ఆబ్‌స్టినేట్", "ఫ్రూగల్", "లాకోనిక్" లాంటివాటిని ఎలా చూపించాలి? అందుకని గైడులో ఒక పక్క ఆ మాట, మధ్యలో సమానం గుర్తు, ఇంకో పక్క మూడు మాటలు వేస్తారు. అచ్చం లెక్కల పుస్తకంలో లాగా.

ఈ సమానం గుర్తు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకుందామని ఈ వ్యాసం మొదలుపెట్టాను. వెతుక్కుంటూ పోతే లండన్‌లో మొదలైన దారి కలకత్తా దగ్గరి శ్రీరాంపూర్ మీదుగా చివరికి మన వీధిబడి అరుగు దగ్గరికే వచ్చింది.

ముందు ఒక సందేహం. ఇంగ్లీషులో ఒకే సంగతికి ఇన్ని మాటలు ఎందుకున్నాయి? దానికి జవాబు చరిత్ర పుస్తకంలో ఉంది. 1066లో ఫ్రాన్సు ఉత్తర తీరంలోని నార్మండీ నుంచి విలియం అనే ప్రభువు సముద్రం దాటి వచ్చి, హేస్టింగ్స్ యుద్ధంలో గెలిచి ఇంగ్లండుకు రాజయ్యాడు. ఆ తర్వాత చాలా కాలం రాజుగారి కొలువులో ఫ్రెంచి, చర్చిలో లాటిన్, పొలంలో ఇంగ్లీషు. కోర్టుల్లో ఇంగ్లీషులో వాదించుకోవచ్చని చట్టం వచ్చింది 1362లో. అంటే దాదాపు 300 ఏళ్లు ఇంగ్లీషువాళ్లకు సొంత దేశంలో సొంత భాషలో న్యాయం దొరకలేదు! ఇతర రాష్ట్రంలో ఉంటూ తెలుగు చదువుకునే మాలాంటివాళ్లకు ఈ సంగతి చదివితే ఏదో చుట్టరికం కలిసినట్టు ఉంటుంది.

ఆ మూడు వందల ఏళ్ల గుర్తు విశేషణాల్లో మిగిలిపోయింది. రాజుకు సంబంధించినది అని చెప్పడానికి "కింగ్లీ" ఇంగ్లీషు సొంత మాట, "రాయల్" ఫ్రెంచి నుంచి వచ్చింది, "రీగల్" లాటిన్‌ది. గైడులో ఈ మూడింటికీ మధ్య సమానం గుర్తే ఉంటుంది. కానీ కుటుంబానికి "రాయల్ ఫ్యామిలీ" అంటారు గానీ "కింగ్లీ ఫ్యామిలీ" అనరు. అలాగే కష్టమైనదాన్ని చెప్పే "హార్డ్" సొంత మాట, "డిఫికల్ట్", "ఆర్డ్యుయస్" లాటిన్ మూలం ఉన్నవి. లాటిన్‌లో ఆర్డ్యుయస్ అంటే నిట్టనిలువుగా ఉన్నది అని అర్థం. కొండ ఎక్కుతుంటే వచ్చే ఆయాసం ఆ మాటలో ఉంది. లెక్క కష్టంగా ఉంటే డిఫికల్ట్ చాలు. తిరుమలకు కాలినడకన మెట్లెక్కితే అప్పుడు ఆర్డ్యుయస్.

ఇది మనకు కొత్తేమీ కాదు. తెలుగులోనూ మూడు వరసలున్నాయి. వేడి అన్నం, ఉష్ణ మండలం, గరం మసాలా. ఒకటి సొంతం, ఒకటి సంస్కృతం, ఒకటి హిందూస్థానీ వైపు నుంచి వచ్చింది. నిఘంటువులో మూడూ ఒకటే. కానీ "ఉష్ణ అన్నం పెట్టు" అని ఇంట్లో అడిగి చూడండి.

ఇక పర్యాయపదాల పుస్తకాల సంగతి. వీటిని మొదట రాసినవాళ్లు సమానం అని చెప్పడానికి రాశారనుకున్నాను. తీరా చూస్తే తేడా చెప్పడానికే రాశారు. 1718లో ఫ్రాన్సులో గిరార్ అనే మతగురువు, ఒకటే అనుకునే ఫ్రెంచి మాటలు ఎలా వేరో వివరిస్తూ ఒక పుస్తకం వేశాడు. దాన్ని చూసి 1766లో జాన్ ట్రస్లర్ ఇంగ్లీషులో అలాంటి పుస్తకం తెచ్చాడు. 1816లో జార్జ్ క్రాబ్ ఇంకా పెద్దది రాశాడు. వీళ్ల మధ్యలో, 1794లో, హెస్టర్ పియోజ్జీ అనే ఆవిడ పుస్తకం ఉంది. నిఘంటువు రాసిన డాక్టర్ జాన్సన్‌కు ఆవిడ బాగా తెలిసిన మనిషి. ఆవిడ రెండో భర్త ఇటలీ దేశపు సంగీత విద్వాంసుడు. ఇంగ్లీషు నేర్చుకుంటున్న పరదేశీయులు మాట్లాడేటప్పుడు ఏ మాట ఎక్కడ వాడాలో తెలియక పడే అవస్థ ఆవిడకు ఇంట్లోనే కనిపించి ఉంటుంది. ఆవిడ పుస్తకం పరదేశీయులను మనసులో పెట్టుకునే రాసింది. నాకు ఈ అందరిలో ఆవిడే ఎక్కువ నచ్చింది. రెండు వందల ఏళ్ల కిందట మాలాంటివాళ్ల గురించి ఒకరు ఆలోచించారు కదా!

మరి తేడా చెప్పే పుస్తకాలు పక్కకు పోయి, వట్టి జాబితా ఎలా గెలిచింది? దానికి కారణం పీటర్ మార్క్ రోజే. ఈయన 1779లో లండన్‌లో పుట్టాడు. తండ్రి జెనీవా నుంచి వచ్చిన మతబోధకుడు, ఈయనకు నాలుగేళ్లప్పుడే పోయాడు. చిన్నప్పటినుంచీ రోజేకు మాటల పట్టికలు రాసుకోవడం అలవాటు. పెద్దయ్యాక డాక్టరయ్యాడు. రాయల్ సొసైటీకి ఇరవై ఏళ్లకు పైగా కార్యదర్శిగా ఉన్నాడు. లెక్కలు వేసే స్లైడ్ రూల్‌లో ఒక కొత్త రకం కూడా కనిపెట్టాడు. 1805లో తన సొంత వాడకానికి మాటలను గుంపులుగా రాసుకున్న చిన్న నోటు ఒకటి ఆయన దగ్గర ఉండేది. ఉద్యోగం మానేశాక దాన్ని బయటికి తీసి పెంచి, 1852లో "థిసారస్" పేరుతో అచ్చు వేయించాడు. అప్పటికి ఆయనకు 73 ఏళ్లు. మా తాత ఆ వయసులో కళ్లజోడు వెతుక్కోవడానికే పూటంతా తీసుకుంటాడు.

ఆ పుస్తకంలో మాటలు అక్షర క్రమంలో ఉండవు. లోకంలోని భావాలన్నింటినీ ఆరు తరగతులు చేసి, వాటి కింద 1000 శీర్షికలు పెట్టి, ఒక్కో శీర్షిక కింద ఆ భావానికి దగ్గరి మాటలన్నీ పోశాడు. ఒక భావం ఎదురుగా దాని వ్యతిరేక భావం పెట్టాడు. మా ప్రశ్నపత్రంలో పర్యాయపదాల వెంటనే వ్యతిరేకపదాలు వచ్చినప్పుడల్లా ఇప్పుడు నాకు ఆ రెండు వరసలే గుర్తొస్తున్నాయి. అర్థాలు మాత్రం ఎక్కడా ఇవ్వలేదు. ఆ పుస్తకం ఆయన బతికుండగానే ఇరవై సార్లకు పైగా అచ్చయింది. 1869లో ఆయన పోయాక కొడుకు, తర్వాత మనవడు దాన్ని పెంచుతూ వచ్చారు.

మా ఇంగ్లీషు సార్ ఆ మొదటి ముద్రణ ముందుమాటను జిరాక్స్ తీసి నాకిచ్చారు. నిఘంటువు పక్కన పెట్టుకుని వారం రోజులు చదివాను. వాక్యాలు ఒక్కొక్కటీ గూడ్సు బండంత పొడవు. అందులో రెండు సంగతులు దొరికాయి. ఆ రెండింటి కోసమే ఈ వ్యాసం అనుకోండి.

మొదటిది. ఒకేలా కనిపించే మాటల మధ్య తేడా ఏమిటో చెప్పడం వేరే విద్య అనీ, తాను దాని జోలికి పోవడం లేదనీ రోజే స్పష్టంగా రాశాడు. ఇంగ్లీషు బాగా వచ్చి, సమయానికి మాట నోటికి అందక తడుముకునే మనిషి కోసం ఆయన ఆ పుస్తకం చేశాడు. అలాంటి మనిషి జాబితా చూడగానే "ఆఁ, ఇదే" అని ఒకదాన్ని ఎత్తుకుంటాడు, మిగిలినవి వదిలేస్తాడు. వదిలేయడం తెలిసినవాడికే జాబితా పనికొస్తుంది. మేము అలాంటివాళ్లం కాదు. మా ఇళ్లల్లో ఇంగ్లీషు మాట్లాడరు. వంటిల్లు తెలుగు, వీధి తమిళం. మాకు అందిందేమో రోజే పద్ధతి జాబితా, కావలసిందేమో పియోజ్జీ పద్ధతి వివరణ.

దీనివల్ల ఏం జరుగుతుందో ఒకటి చెబుతాను. పోయిన ఏడాది ఒక సార్ రిటైరయ్యారు. పిల్లలకు ఫీజులు తన జేబులోంచి కట్టిన మనిషి ఆయన. వీడ్కోలు సభకు బయటినుంచి పెద్దవాళ్లు వచ్చారు. మా క్లాసు అబ్బాయి ఒకడు ఇంగ్లీషులో మాట్లాడాలని రాత్రంతా కూర్చుని రాసుకున్నాడు. "ఫేమస్" అని అందరూ అంటారు కదా, ఇంకా గొప్ప మాట ఉండాలని గైడు చూశాడు. ఫేమస్ పక్కన సమానం గుర్తు, దాని పక్కన "రినౌన్డ్, సెలబ్రేటెడ్, నొటోరియస్". వాడు చివరిది తీసుకున్నాడు. మైకులో "అవర్ సార్ ఈజ్ ఏ నొటోరియస్ టీచర్" అన్నాడు. సార్ చిరునవ్వు నవ్వి వాడి భుజం తట్టారు. ముందు వరసలో కూర్చున్నవాళ్లు నవ్విన నవ్వు వేరు. తెలుగు మీడియం పిల్లలు అంతే అన్నట్టుగా ఉంది ఆ నవ్వు. ఆ రోజునుంచి వాడు మైకు దగ్గరికి రాలేదు.

నొటోరియస్ కూడా అందరికీ తెలిసిన మనిషి గురించే చెబుతుంది. అది నిజమే. కానీ చెడ్డపనులకు పేరు పడ్డవాడి గురించి. తెలుగులో వాడు ఈ పొరపాటు చేయడు గాక చేయడు. "ప్రసిద్ధ గాయకుడు" అంటాడు, "పేరుమోసిన దొంగ" అంటాడు, రెండింటినీ తారుమారు చేయడు. ఎవరైనా నేర్పారా? లేదు, చెవిన పడింది. మా అవ్వను చూడండి. కొబ్బరి పీచు కూడా పారేయకుండా గిన్నెలు తోమడానికి దాచుకుంటుంది. ఆమెను "పొదుపరి" అంటే మురిసిపోతుంది, "పీనాసి" అంటే చీపురు తీస్తుంది. ఇంగ్లీషులోనూ అంతే, "ఫ్రూగల్" అన్నా "థ్రిఫ్టీ" అన్నా పొగడ్త, "స్టింజీ" అంటే తిట్టు. "పట్టుదల గలవాడు" అంటే "రెజల్యూట్", "మొండివాడు" అంటే "ఆబ్‌స్టినేట్". పని ఒకటే, చూసేవాడి కన్ను వేరు. విశేషణంలో వస్తువు గుణం ఎంత ఉంటుందో, చెప్పేవాడి అభిప్రాయమూ అంతే ఉంటుంది.

ముందుమాటలో దొరికిన రెండో సంగతి చూసి నేను కుర్చీలోంచి లేచాను. తనకన్నా ముందు ఇలా భావాల వారీగా మాటలు పేర్చిన పుస్తకాలు ఏవేవి ఉన్నాయో రోజే కింద చిన్న అక్షరాల్లో రాశాడు. అందులో అన్నిటికన్నా పాతదిగా చెప్పింది మన అమరకోశం! హెన్రీ కోల్‌బ్రూక్ అనే దొర దాన్ని ఇంగ్లీషు అర్థాలతో 1808లో శ్రీరాంపూర్‌లో అచ్చు వేయించాడు. రోజే చూసింది దాన్నే. అమరకోశానికి కనీసం 900 ఏళ్లు ఉంటాయని ఆయన అనుకున్నాడు. ఇప్పటి పండితులు అమరసింహుణ్ణి ఇంకా వెనక్కి, సుమారు 1500 ఏళ్ల కిందటికి తీసుకుపోతారు.

మెచ్చుకున్నాడా అంటే సగమే. స్వర్గం, దేవతలు, నిప్పు, గాలి, వేగం అన్నీ ఒకేచోట పెట్టారనీ, పాపపుణ్యాలు, బుద్ధి, రుచి, వాసన, రంగు ఇంకోచోట కలగాపులగం చేశారనీ తప్పుపట్టాడు. సముద్రం, భూమి, ఊళ్లు, చెట్లు, జంతువులు వేరువేరుగా పెట్టిన తీరు మాత్రం అంత పాతకాలానికి గొప్ప ప్రయత్నమే అన్నాడు. నాకు ఈ తీర్పు పూర్తిగా న్యాయంగా తోచలేదు. మన దేశంలో నిప్పూ గాలీ దేవతలే కాబట్టి అగ్నినీ వాయువునూ దేవతల పక్కన పెట్టడంలో కలగాపులగం ఏముంది? ఆయన లండన్ బీరువాలో మన సామాను సర్ది చూశాడు.

అమరకోశంలో మూడు కాండలున్నాయి. మూడో కాండలో మొదటి వర్గం పేరు "విశేష్యనిఘ్న వర్గం". అదే విశేషణాల అధ్యాయం. మా తెలుగు పండితులవారిని అడిగితే అర్థం చెప్పారు. నిఘ్నం అంటే లోబడినది. విశేష్యానికి, అంటే నామవాచకానికి, లోబడి ఉండే మాటలు అవి. సంస్కృతంలో విశేషణం తనంతట తాను ఆడో మగో కాదు, పక్కనున్న నామవాచకం ఏదైతే అదే అవుతుంది. అందుకని ఆ మాటలకు అమరుడు వేరే అధ్యాయం పెట్టాడు.

వ్యాకరణం కోసం పెట్టిన పేరే అది. కానీ నాకు అందులో మా గైడు మరిచిపోయిన సంగతి కనిపించింది. విశేషణాన్ని ఒంటరిగా నేర్చుకోలేం, దాని నామవాచకంతో కలిపి పట్టుకోవాలి. కటిక చీకటి, కటిక ఉపవాసం, కటిక పేదరికం. పచ్చి పాలు, పచ్చి అబద్ధం. "పచ్చి చీకటి" అనం. "కటిక అబద్ధం" అనం. ఇంగ్లీషులో టీ "స్ట్రాంగ్"గా ఉంటుంది, ఇంజను "పవర్‌ఫుల్"గా ఉంటుంది. మనిషి "టాల్", కొండ "హై". ఇంగ్లీషు విశేషణానికి ఆడామగా తేడా లేకపోవచ్చు గానీ, అదీ విశేష్యానికి లోబడిందే.

అమరకోశం వీధిబడుల్లో పిల్లలు గొంతెత్తి వల్లించేవారు. అర్థం తర్వాత, ముందు శ్లోకం. అదీ బట్టీయే కదా అని మీరు అడగవచ్చు. బట్టీయే. అయితే పుస్తకం ఒక్కటే పిల్లవాడి చేతిలో పెట్టి వదిలేయలేదు. అమరానికి తెలుగులో "గురుబాల ప్రబోధిక" అనే టీక ఉంది. పేరులోనే గురువూ ఉన్నాడు, బాలుడూ ఉన్నాడు. అచ్చతెలుగు మాటల కోసం పైడిపాటి లక్ష్మణకవి అమరం దారిలోనే "ఆంధ్రనామసంగ్రహం" పద్యాల్లో రాశాడు. అందులో మిగిలిపోయిన మాటలను ఏరి అడిదము సూరకవి "ఆంధ్రనామశేషం" రాశాడు. తమిళం కూడా మాకు తప్పనిసరి పాఠమే కదా, వాళ్ల సంగతేమిటని మా తమిళ మిస్‌ను అడిగాను. వాళ్లకూ దివాకరం, చూడామణి లాంటి నిఘంటువులు ఉన్నాయనీ, తిణ్ణై బడుల్లో, అంటే అరుగు బడుల్లో, పిల్లలు వాటిని వల్లించేవారనీ చెప్పారు. అరుగు ఒకటే, పాట వేరు.

రోజే పుస్తకం లండన్‌లో వచ్చిన 1852లోనే మన మద్రాసులో, వేపేరిలోని క్రైస్తవ సంఘం వారి అచ్చుకూటంలో ఇంకో పెద్ద పుస్తకం వచ్చింది. అది సి. పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు. ఒకే ఏడు రావడం కేవలం యాదృచ్ఛికం. కానీ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. బ్రౌన్‌కు తెలుగు పుట్టు భాష కాదు. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి, పండితులను జీతాలిచ్చి పెట్టుకుని నేర్చుకున్నాడు. బయటినుంచి వచ్చి నేర్చుకున్నవాడు కాబట్టి, మాట తెలిస్తే చాలదని ఆయనకు తెలుసు. అందుకే చాలా మాటల కింద పద్యాల నుంచీ, జనం మాట్లాడుకునే మాటల నుంచీ వాడుకలు ఎత్తి చూపించాడు. ఒక మాటకు ఇంకో భాషలో ఒకే మాట రాసి సమానం అని చేతులు దులుపుకోలేదు. 1854లో, తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకు వేరే నిఘంటువు కూడా వేశాడు. మేము వేపేరి మీదుగా బస్సులో ఎన్నోసార్లు పోయాం. అక్కడ తెలుగు అక్షరాలు పేర్చి అంత పుస్తకం అచ్చువేశారని మాలో ఒక్కరికీ తెలియదు.

ఇదంతా చదివాక మా ఇంగ్లీషు సార్‌తో చెప్పి మేము ఆరుగురం ఒక నోటు పెట్టాం. సమానం గుర్తు తీసేశాం. నాలుగు గడులు గీశాం. ఇంగ్లీషు విశేషణం, దగ్గరి మాట, అది పక్కన కూర్చునే నామవాచకం, తెలుగులో ఎలా అంటాం. కుదిరితే మాట వెనక కథ కూడా. "లాకోనిక్" గడి మా అందరికీ ఇష్టం. గ్రీసులో స్పార్టావాళ్ల నేల పేరు లాకోనియా. వాళ్లు పొదుపుగా మాట్లాడతారని ప్రతీతి. మాసిడోనియా రాజు ఫిలిప్ "నేను మీ దేశంలోకి వస్తే మీ గతి ఏమవుతుందో చూసుకోండి" అని కబురు పంపితే, వాళ్లు "వస్తే" అన్న ఒక్క మాట తిరిగి రాశారట. ఆ కథ విన్నవాడు లాకోనిక్‌ను మరిచిపోడు. దాన్ని ఉత్త "బ్రీఫ్" అని కూడా అనుకోడు. "నైస్" గడి కూడా బాగుంటుంది. ఇప్పుడు అది మెప్పు. ఒకప్పుడు తెలివితక్కువ అని అర్థం, లాటిన్‌లో ఏమీ తెలియనివాడు అనే మాట నుంచి వచ్చింది. "సిల్లీ" దానికి ఎదురుగా నడిచింది, ఒకప్పుడు ధన్యుడు, ఇప్పుడు వెర్రివాడు.

నొటోరియస్ గడి మేము రాయలేదు. ఆ వీడ్కోలు సభ అబ్బాయే వచ్చి రాస్తానన్నాడు. నామవాచకం గడిలో "స్మగ్లర్" అని రాశాడు. తెలుగు గడిలో వీరప్పన్ పేరు రాయబోయి, సార్ వద్దనేసరికి "పేరుమోసిన" అని పెట్టాడు.

ఇప్పటికి నోటులో 84 మాటలయ్యాయి. 85వ దగ్గర ఆగింది. అక్కడ మేము తిరగేసి తెలుగు నుంచి మొదలుపెట్టాం: "అలిగిన". పండగకు కొత్త చొక్కా కొనలేదని అలిగిన తమ్ముడు, పిలవలేదని అలిగిన అత్త. సార్ నాలుగు ఇంగ్లీషు మాటలు చెప్పారు. "యాంగ్రీ" కాదు, కోపం కన్నా తక్కువ. "సల్కీ" దగ్గరికొచ్చింది గానీ, అలిగినవాళ్లను బతిమాలాలని ఆ మాటలో ఎక్కడా లేదు. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.